రెండో మెస్సు పప్పు

ఖాదర్‌వలి చేతిలో పదకొండు ఓట్లున్నాయి, తనదీ కలిపి. ఆ పదకొండూ అవతలి మెస్సు డబ్బాలో వేద్దామంటున్నాడు.

"తల తిరిగిందా మామూ? గంగాప్రసాద్ మనల్ని ముంచుతాడని చెప్పింది నువ్వే గదా!" అన్నాడు మేనల్లుడు వహీద్.

"అందుకేరా. వాడు నిలబడకుండా చేసేదానికే ఇదంతా."

గల్ఫ్‌లో, సలాలా ఊరి బయట ఆ కంపెనీ క్యాంపులో తొంభై మంది తెలుగువాళ్లు, రెండు మెస్సులు. ఏటా క్యాంపు లీడరును ఎన్నుకుంటారు. ముందు ఏ మెస్సుకా మెస్సు తన మనిషిని తేల్చుకుంటుంది. మరుసటి శుక్రవారం ఆ ఇద్దరి మధ్య క్యాంపంతా చీటీలు వేస్తుంది. నెల పొడుగునా ఏ మెస్సులో తింటే ఆ మెస్సులోనే మొదటి ఓటు. ఖాదర్‌వలి వాళ్ల మొదటి మెస్సులో నిలబడింది వహీద్ ఒక్కడే. రెండో మెస్సులో గంగాప్రసాద్ లేచాడు. తను గెలిస్తే గేటు పక్కన ఖాదర్‌వలి నడిపే రేకుల దుకాణం తీయించేసి, శుక్రవారాలు బజారుకు కంపెనీ బస్సు వేయిస్తానని ఎదురుపడిన ప్రతివాడికీ చెబుతున్నాడు.

"బస్సుకు ఆశపడి మన యాభైలో పదిహేను మంది వాని దిక్కు పోతారు," అన్నాడు ఖాదర్‌వలి. "నా దుకాణం పాయె, నీ లీడరీ పాయె. అదే వాళ్ల మెస్సులో చూడు. గంగాప్రసాద్‌కు పంతొమ్మిది, లచ్చన్నకు పన్నెండు, దేవయ్యకు తొమ్మిది. మన పదకొండు దేవయ్యకు కలిపితే ఇరవై. వాని మీద నువ్వు నిద్రపోయి కూడా గెలుస్తావు."

దేవయ్య సైట్‌లో ఇనుప కమ్మీలు వంచుతాడు, మెస్సులో వడ్డిస్తాడు. నలుగురిలో నోరు విప్పడు. ఎవరో తమాషాకి అతని పేరు రాయించారు.

"నెలంతా వాళ్ల కూడు తినాలా?" అన్నాడు ఉమర్, పోవాల్సిన పది మందిలో ఒకడు.

"తినాల. ఓటంటే ఊరికే వస్తాదా?"

ఒకటో తారీఖున పదకొండు మందీ పళ్లాలు పట్టుకొని రెండో మెస్సుకు వెళ్లారు. ఎవరొచ్చినా కాదనకూడదని కట్టుబాటు. గంగాప్రసాద్ పేర్లు రాసుకుంటూ నవ్వాడు.

"మా పప్పు మీద గింత ప్రేమ ఎప్పటిసంది సేట్?"

"వయసైపోతాంది గంగన్నా. నోటికి మార్పు కావాల."

మొదటి పూట మార్పేమీ కనబడలేదు, అక్కడా కారమే. ఖాదర్‌వలికి కడుపులో పుండు. రెండు ముద్దలు తిని, చెంబెడు నీళ్లు తాగి లేచాడు. మరునాడు వడ్డిస్తున్న దేవయ్య, అందరి గిన్నె కాకుండా వేరే గిన్నెలోంచి పప్పు తెచ్చి అతని పళ్లెంలో వేశాడు. అందులో మిరపకాయ లేదు.

"ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవలు జెప్పాలె సేట్? నిన్న నువ్వు నీళ్లే తాగితివి."

సొంత మెస్సులో ఆరేళ్లు తిన్నాడు. అతను ఇలాగే నీళ్లు తాగి లేవడం అక్కడ ఎవరూ గమనించలేదు.

నెలంతా ఆ గిన్నె వచ్చింది. ఉమర్ డ్యూటీ నుంచి ఆలస్యంగా వస్తే అతని రొట్టెల మీద మూత ఉండేది. తక్కిన తొమ్మిది మందికీ అలాంటిదే ఏదో ఒకటి జరిగింది. దాని గురించి ఎవరూ మాట్లాడుకోలేదు.

నెలాఖరు శుక్రవారం చీటీలు విప్పారు. దేవయ్య ఇరవై, గంగాప్రసాద్ పంతొమ్మిది, లచ్చన్న పన్నెండు.

"మంచి లెక్కే సేట్," అన్నాడు గంగాప్రసాద్.

దేవయ్యే భయపడ్డాడు. పప్పు వడ్డిస్తూ, "నాకెందుకు సేట్ ఇదంత? గంగన్నోళ్లు నా మీద గుర్రుగున్నరు. రేపు నాకు ఒక్క ఓటన్న పడ్తదో లేదో. అందరి ముందట ఇజ్జత్ పోతది," అన్నాడు.

"పడతాదిలే," అన్నాడు ఖాదర్‌వలి, పళ్లెంలోకి చూస్తూ.

మరుసటి శుక్రవారం, అక్కడివాళ్లు ఖరీఫ్ అనే వానకాలపు జల్లు పడుతోంది. పాలపొడి డబ్బాలో తొంభై చీటీలు పడ్డాయి. వహీద్ కొత్త చొక్కా వేసుకొని నిలబడ్డాడు. యాభైకి తగ్గదని అతని ధీమా.

దేవయ్య యాభై ఒకటి. వహీద్ ముప్పై తొమ్మిది.

ఎంత కోపమున్నా గంగాప్రసాద్ మనుషులతో సహా రెండో మెస్సు పాతవాళ్లు నలభై మందీ తమ మెస్సు పేరుకే వేశారు. దేవయ్యను ముందుకు తోస్తే అతను చేతులు జోడించాడు. "నాకు మేనేజర్‌తోని మాట్లాడరాదు. అన్ని గంగన్నే సూస్కుంటడు."

గంగాప్రసాద్ దుకాణం వైపు చూశాడు. "రేకులు ఎప్పుడిప్పుదం సేట్? మేం గూడ ఓ చెయ్యేస్తం."

వహీద్ పళ్లు కొరుకుతూ ఉమర్ కాలరు పట్టుకున్నాడు. ఉమర్ విడిపించుకోలేదు. "ఎట్లాగూ ఓడిపోతాడు గదా అన్నా. నా ఒక్క ఓటుతో ఏమైతాదిలే, పాపం అనుకున్న్యా." తక్కిన తొమ్మిది మందీ తలలు వంచుకున్నారు. ఒక్కొక్కడూ దేవయ్యకు వేసింది తానొక్కడే అనుకున్నాడు.

వహీద్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు. "మామూ, నువ్వు తీసుకపోయింది పది మందిని. మన యాభైలో తగ్గింది పదకొండు. ఇంకోడెవడు?"

రెండో మెస్సు కిటికీలోంచి దేవయ్య కేకేశాడు. "సేట్, నీ పప్పు తీసి పెట్టిన."

ఖాదర్‌వలి మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచి, పళ్లెం అందుకున్నాడు.

"దుకాణం పాయె, నీ లీడరీ పాయె. మిగిలింది ఈ పప్పే. నీ లెక్క సరిపోయిందిరా వహీద్."