కంపైలర్ చూడని ముక్క

రామలింగప్ప సార్ మళ్లీ క్రిస్టినానే మెచ్చుకున్నాడు. ఉమామహేశ్వరకు నోట్లోని ఉగ్గాని చేదెక్కింది.

"నలభై ఫైళ్లలో చెల్లాచెదురుగా ఉండేదాన్నంతా ఒక్క ఫైల్లోకి తెచ్చిందప్పా ఈ పాప! ఇన్నేండ్లూ మనమేం చేస్తాంటిమి?"

'వారధి' ఉచిత నెట్‌వర్క్ ప్రోగ్రామ్. పుట్టింది కర్నూల్లో, సార్ ఇంటి మిద్దె మీద. కోడ్ ఎవరైనా పంపొచ్చు. దాన్ని ఖాయం చేసే అధికారం మాత్రం సార్‌ది. ఈ సాయంత్రం ఆయన దాన్ని ఒకరికి అప్పగించబోతున్నాడు. ఉమామహేశ్వర మొదటి రోజు నుంచీ ఉన్నాడు. కమలాపురం నుంచి క్రిస్టినా వచ్చి రెండేళ్లు కూడా కాలేదు.

వారధి రకరకాల మెషిన్ల మీద నడవాలి. అందుకే కోడ్ నిండా షరతులు. విండోస్ అయితే ఈ ముక్క, లినక్స్ అయితే ఆ ముక్క. కోడ్‌ను మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్, షరతు కుదరని ముక్కను చదవను కూడా చదవదు. అందులో తప్పున్నా బయటపడదు.

ఉమామహేశ్వరకు కావలసింది అదే. ఇక్కడ అందరివీ లినక్స్ మెషిన్లు. అతను ఒక పాత కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ లాంటిదే అయినా ఇక్కడ ఎవరూ ముట్టని బీఎస్‌డీ ఎక్కించాడు. క్రిస్టినా ఫైలును కంపైల్ చేశాడు.

ఆగిపోయింది. బీఎస్‌డీ ముక్క అసలు లేని ఫంక్షన్‌ను పిలుస్తోంది!

ఫైలు మీద పేరు క్రిస్టినాది. ఇంకేం చూడాలి?

సాయంత్రం పదకొండు మంది చేరారు. ఉమామహేశ్వర తప్పును తెర మీద పెట్టాడు.

"ఒక్కసారన్నా నడిపి చూడకుండా రాసినారు సార్ దీన్ని. ఇట్లా రాసినోళ్లకు వారధిలో చోటే ఉండకూడదు. రూలు పెట్టండి."

క్రిస్టినా మొహం పాలిపోయింది. "అన్నా, ఆ ముక్క నేను సరిచేస్తాలే. ఆ రూలు మాత్రం వద్దు."

"ఏం పాపా, భయమైతాందా?"

"శానా భయమైతాంది. ఒక్క మాట, బయటికి రాన్నా."

"యాడికీ రాను. చెప్పేదేదో అందరి ముందరా చెప్పు."

ఆమె తల దించుకుంది.

"ఏమప్పా, అందరికీ సమ్మతమేనా?" అన్నాడు సార్.

ఒక్క క్రిస్టినా చెయ్యి తప్ప అన్ని చేతులూ లేచాయి. అందరికంటే పైకి లేచింది ఉమామహేశ్వర చెయ్యి.

"రాసినోళ్ల పేరు కూడా చూపించండి సార్. రికార్డులో ఉండల్ల," అన్నాడు గెలుపు దాచుకోలేక.

సార్ కళ్లద్దాలు సర్దుకుని, ఏ ముక్క ఎవరు ఎప్పుడు రాశారో చెప్పే మార్పుల చరిత్ర తెరిచాడు. ఒక్కో ఏడూ వెనక్కి జరుపుకుంటూ పోయాడు. ఒకచోట ఆగి, తెరను అందరివైపూ తిప్పాడు.

ఎనిమిదేళ్ల కిందట, క్రిస్టినా ఇంకా స్కూల్లో ఉన్నప్పుడు, ఆ ముక్క రాసింది ఉమామహేశ్వర.