అయిదు నిమిషాలకో వరుస

“ఆ బ్యాడ్జీ తీసెయ్యమ్మా,” అన్నాడు తనిఖీ అధికారి.

“తియ్యను,” అంది ఆమె, తలెత్తకుండానే.

ఆమె చేతిలో కుక్క దవడ ఉంది. ఆపరేషన్ అయిన ముసలి కుక్క, ఇంకా మత్తులోనే ఉంది. గొంతులో ఊపిరి గొట్టం. కుక్క తనంతట గుటక వేసేదాకా ఆ గొట్టం తీయకూడదు, వేశాక ఉంచకూడదు. అందుకని ఆమె కళ్ళు దాని గొంతు మీదే ఉన్నాయి. తెల్లకోటు జేబుకున్న బ్యాడ్జీ మీది ‘పశువైద్య నర్సు’ అన్న అక్షరాలు మాత్రం సూటిగా అధికారినే చూస్తున్నాయి.

ఆయన సంచిలోంచి ఫిర్యాదు తీశాడు. ఆకాశరామన్న ఉత్తరం. కిందటి బుధవారం ఆమె ఎప్పుడెప్పుడు ఏం చేసిందో అందులో పూసగుచ్చినట్టు ఉంది. ‘ఎనిమిదీ అయిదు: నర్సు బ్యాడ్జీ పెట్టుకుంది. ఎనిమిదీ పది: ఫోనెత్తి, నర్సుని మాట్లాడుతున్నానంది. ఎనిమిదీ పదిహేను...’ అలా రెండు పేజీలు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఇంత శ్రద్ధగా పగబట్టిన మనిషిని ఆయన చూడలేదు.

“నువ్వంటే ఎవరికో కడుపుమంట. నాకేం లేదు,” అన్నాడు. “చట్టంలో పశువుల ఆసుపత్రికి ఉన్నవి రెండే మాటలు. డాక్టరు, సహాయకులు. నర్సంటే మనుషులకి చేసేవాళ్ళే. బ్యాడ్జీ తీసేస్తే, హెచ్చరించి వదిలేశానని రాసుకుని నా దారిన నేను పోతాను.”

“రెండేళ్ళు చదివాను సార్. పరీక్ష పాసయ్యాను. పదకొండేళ్ళుగా మత్తులో ఉన్న ప్రాణాలకి కాపలా కాస్తున్నాను. సహాయకురాలినెలా అవుతాను?” గడియారం చూసి, పక్కనున్న చార్టులో ఏదో రాసుకుంది.

“అర్జీ పెట్టి చెప్పుకో ఆ మాట.”

“మూడు పెట్టాం. మీ ఆఫీసే తిప్పిపంపింది. ఈ మాట వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ వచ్చిన దాఖలా లేదట, కాబట్టి పరిశీలించనక్కర్లేదట.”

తలుపు సందులోంచి డాక్టరు తొంగిచూశాడు. “తీసెయ్యరాదటమ్మా? సార్ మెట్లు దిగాక మళ్ళీ పెట్టుకుందువుగాని.”

“నేను వింటున్నాను డాక్టరుగారూ.”

“మీరు వినాలనే సార్,” అని డాక్టరు తల లోపలికి లాక్కున్నాడు.

అధికారి నవ్వు ఆపుకున్నాడు. ఇలాంటి గదుల్లో ఆయన ఎన్నో బోర్డులు దింపించాడు, ఎన్నో అక్షరాలు చెరిపించాడు. నిమిషంలో తలొంచేవాళ్ళు. అప్పుడు ఆయనకు హాయిగా ఉండేది. ఆ హాయి వెనకే, వాళ్ళమీద కాస్త ఏవగింపు. ఈమె మీద ఆ ఏవగింపు రావడంలేదు. అదే ఆయనను చిరాకు పెడుతోంది.

“మీ బ్యాడ్జీ తీసేస్తే మీరెవరు సార్?” అంది ఆమె.

ఆయన చెయ్యి తనకు తెలియకుండానే జేబు మీదికి పోయింది. “నాది చట్టం ఇచ్చింది.”

“నాది ఇదిచ్చింది,” అంది, కుక్క చెవి వెనక నిమురుతూ.

బయటి బల్ల మీంచి ఓ ముసలావిడ గొంతు వినిపించింది. “నర్సమ్మా, మావాడు లేచాడా?”

“లేస్తున్నాడు పిన్నిగారూ.”

“విన్నావా? ఇదీ రాసుకోవాల్సి వస్తుంది,” అన్నాడు అధికారి.

“రాసుకోండి.”

“కేసంటే సరదా కాదమ్మా. కోర్టుకెక్కాలి. జడ్జి ముందు నిలబడాలి. ఉద్యోగం ఊడినా ఊడుతుంది.”

మొదటిసారి ఆమె గొంతు తగ్గింది. “జడ్జిగారు నన్ను మాట్లాడనిస్తారా?”

“మాట్లాడించి, అన్నీ రాయించుకుని, ఈ మాట నీకు చెల్లుతుందో లేదో తీర్పు చెప్తారు.”

“తప్పకుండా చెప్తారా?”

దారికొస్తోందనుకున్నాడు. భయం మనిషిచేత ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగిస్తుందని ఆయన అనుభవం. “తప్పకుండా. అందుకే చెప్తున్నా, తీసెయ్యి.”

కుక్క గుటక వేసింది. ఆమె చటుక్కున గొట్టం లాగేసింది. కుక్క మూలిగి, తోకతో బల్లని ఒక్కసారి కొట్టింది.

“కేసే రాయండి,” అంది ఆమె.

ఆయన ఇక బతిమాలలేదు. విసురుగా కలం తీసి, అచ్చుకాగితం నింపి, సంతకం పెట్టమని ముందుకు తోశాడు. ఆమె చేతులు కడుక్కుని, తుడుచుకుని, తాపీగా సంతకం చేసింది. పక్కన అలవాటుగా టైము కూడా వేసింది: పదకొండూ నలభై. అదే కలంతో కుక్క చార్టులో నాడి, ఊపిరి, చిగుళ్ళ రంగు రాసింది. చార్టు నిండా అయిదు నిమిషాలకో వరుస.

“నీ ఖర్మ,” అంటూ ఆయన ఆ ఆకాశరామన్న ఉత్తరాన్ని ఉండచుట్టి సంచిలో పడెయ్యబోయాడు.

“నలపకండి సార్, జడ్జిగారు చదవాలి,” అంది ఆమె. “మళ్ళీ అంత కుదురుగా రాయలేను.”