తిరుగు ప్రయాణం రసీదు

“పోయిన టికెట్టు సరే. వచ్చిన టికెట్టు ఏది?” అన్నాడు పెద్దయ్య.

బల్లకు అవతల కూర్చున్న అంకయ్య సంచిలో మళ్లీ చెయ్యి పెట్టాడు. ఉత్త చెయ్యే బయటికి వచ్చింది.

“అది లేదన్నా. ఉన్నకాడికి కట్టియ్యి.”

“ఉన్నకాడికి ఇయ్యనీకె ఇదేమన్నా సంతనా?”

పెద్దయ్య మార్కాపురంలో ముప్పయ్యేళ్లుగా పలకల వ్యాపారి. వర్తకులు కలిసి పెట్టిన విద్యానిధికి లెక్కలు చూసేదీ అతనే. ఈ ప్రాంతం నుంచి పైచదువులకు వెళ్లిన పిల్లలు పరిశోధన సదస్సులకు పోయొస్తే నిధి ఆ ఖర్చు ఇస్తుంది. ముందు సొంత డబ్బుతో పోవాలి, వచ్చాక రసీదులు పెట్టాలి. రానూపోనూ ఆధారాలు లేకపోతే పైసా రాదు. ఆ నియమం పెద్దయ్యే పెట్టించాడు. నిరుడు ఒక కుర్రాడు చెన్నై సదస్సని చెప్పి నిధి డబ్బుతో ఊటీ చూసొచ్చాడు, అందుకే.

అంకయ్యది చంద్రశేఖరపురం దగ్గర పల్లె. మేకలు కొని అమ్ముతాడు. అతని కూతురు నాగవేణి అనంతపురంలో పరిశోధన విద్యార్థి. కిందటి నెల బెంగుళూరు సదస్సుకు వెళ్లింది. రైలు టికెట్టు, సదస్సు రుసుము, లాడ్జి బిల్లు, అన్నీ కలిపి తొమ్మిది వేల రెండొందలు.

“దేని మీద చదివింది?”

“కరువులో మేకలు మేసే ఆకుల మీదన్నా.”

“అది మేకల్నడిగితే చెప్పవా?”

“వాటి వెంబడి తిరిగే రాసింది. చప్పట్లు బాగా కొట్టినారంట. ఆ సాయంత్రమే ఫోన్ జేసి చెప్పింది.”

పెద్దయ్య హాజరు కాగితం చూశాడు. సదస్సు రెండు రోజులు. సంతకం ఒక్కరోజుకే ఉంది.

“రెండోనాడు సంతకం లేదే?”

“రెండోనాడు పోలేదు.”

“ఊరు చూడనీకె పోయిందా?”

అంకయ్య పలకలేదు. అడిగినదానికి జవాబు రాలేదంటే సరుకులో లోపం ఉన్నట్టే. పెద్దయ్య ముప్పయ్యేళ్ల అనుభవం అది.

“డబ్బులు వెయ్యమన్న ఈ అకౌంటు ఎవరో రేణుకది.”

“పాప స్నేహితురాలు. ఇద్దరూ ఒకే రూము. తన గొలుసు కుదువబెట్టి ఖర్చులకిచ్చింది. అందుకే మా పిల్ల పోయేముందే ఈ కాగితం మీద రేణుకమ్మ నెంబరు రాసి సంతకం పెట్టింది. సోమవారం దాటితే గొలుసు వేలానికి పోతాదంట. రేణుకమ్మ తల్లి లేని పిల్లన్నా. వాళ్లమ్మది మిగిలింది ఆ గొలుసొక్కటే.”

“మేకల బేరగానివి, నువ్వే విడిపియ్యొచ్చు గదా?”

“చేతిలో ఉన్న నాలుగూ అమ్మినా. బండికి పోయినాయి.”

“ఏం బండి?”

“బెంగుళూరు నుంచి ఇంటికి. పందొమ్మిది వేలు తీసుకున్నారు.”

పెద్దయ్య నవ్వాడు. “రైల్లో మూడొందలతో అయ్యేదానికి పందొమ్మిది వేల బండా? మహారాణా ఏంది?”

“రైల్లో కుదర్లేదన్నా.”

“ఎవరితో వచ్చింది?”

“నేనే పోయి తెచ్చుకున్నా.”

పెద్దయ్యకు లెక్క తేలిపోయింది. పిల్ల ఎవడితోనో వెళ్లింది. తండ్రి వెతికి పట్టుకుని కారులో వేసుకొచ్చాడు. రెండోరోజు సంతకం లేనిదీ, తిరుగు టికెట్టు లేనిదీ అందుకే. ఇలాంటివాళ్లకు ఇచ్చుకుంటూ పోతే నిధి ఏడాదిలో ఖాళీ.

“చూడు అంకయ్యా, ఆడపిల్ల మీద నేను మాట అనను. రేపు ఆ పిల్లనే పంపు. వచ్చినానని రాసిస్తే కట్టిస్తా.”

“ఆమె రాదన్నా.”

“మొగం చెల్లలేదా?”

అంకయ్య సంచిని ఒళ్లోకి లాక్కున్నాడు.

“అట్లయితే ఆ బండి బిల్లన్నా పెట్టు. తిరిగొచ్చినట్టు ఏదో ఒక కాగితం ఉండాల. లేకుంటే ఇది ఇంతే.” పెద్దయ్య ఎర్రపెన్ను మూత తీశాడు.

పెన్ను కాగితం మీద ఆనేదాకా అంకయ్య చూశాడు. చొక్కా లోపలి జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. పెట్టిన చెయ్యి దాని మీద నుంచి తియ్యలేదు.

“బండి డబ్బులు నాకొద్దన్నా. రేణుకమ్మవి మటుకు కట్టియ్యి.”

“ఇంటికి చేరినట్టు ఉంటే కడతా. మాటంటే మాటే.”

పెద్దయ్య ఆ చెయ్యి కిందనుంచి కాగితం లాగి మడతలు విప్పాడు. పైన అచ్చు కన్నడంలో ఉంది. కింద పెన్నుతో ఇంగ్లీషులో రాశారు. ఏ బిల్లునైనా చదివినట్టే వరస వరసకీ వేలు పెట్టి చదివాడు. కిలోమీటర్లు. టోలు. డ్రైవరు బత్తా.

నాలుగో వరస, ఫ్రీజర్ బాక్సు అద్దె.