అంతా తుడిచేయండి

“సి డ్రైవ్ ఒక్కటే తుడిచేయమంటారా, డి కూడానా?” అని అడిగాడు కంప్యూటర్ మెకానిక్, బల్ల కింద నుంచి తల బయటపెట్టి.

“రెండూ,” అందామె.

“డి లో సారు ఫైళ్లుంటాయేమో చూసుకోండమ్మా. ఓఎస్ కొత్తగా వేయడానికి దాని జోలికి వెళ్లక్కర్లేదు.”

“కుట్టు విప్పితే మొత్తం విప్పాలి బాబూ. సగం విప్పి సగం అతికిస్తే గుడ్డ ముడతలు పడుతుంది.”

ఆమె బట్టలు కుడుతుంది. లోకంలో ఏ సంగతైనా ఆమెకు కుట్టు మీదుగానే అర్థమవుతుంది. మెకానిక్ సీపీయూను బల్ల కింద నుంచి బయటికి లాగాడు. పెట్టె పక్క రేకు ఊడదీసి బ్రష్షుతో దుమ్ము దులిపాడు. గది గదంతా తుమ్మింది. లోపలి చిన్న బ్యాటరీ కూడా చచ్చిపోయిందని తేలింది. తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి కూర్చుంది.

“పోనీ, ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీసిస్తాను. ఎంతసేపు పని!”

“అక్కర్లేదు. ఆయన క్షవరం చేయించుకుని వచ్చేలోగా అయిపోతే చాలు.”

క్షవరానికి ఆయన్ని తనే తరిమింది. మర్నాడు సభ. ఆయన పదేళ్లుగా ఈ కంప్యూటర్లో నవల రాస్తున్నారు. ఆఫీసులో ఆయన్ని పేరుపెట్టి పిలవడం ఏనాడో మానేశారు, అందరికీ ‘రచయితగారే’. సాయంత్రం ఆయన గదిలోకి వెళ్లి తలుపేసుకుంటే ఆమె కుట్టుమిషన్ ఆపేసి చేత్తో కాజాలు కుట్టుకునేది. ఆయన చెల్లెలు గ్రంథాలయంలో పనిచేస్తుంది. అన్నయ్య నవలలో మొదటి అధ్యాయం చదివి వినిపిస్తాడని ఆ అమ్మాయి ఊరందరినీ పిలిచేసింది. అప్పటినుంచీ ఆయనకు ముద్ద దిగడం లేదు. అడిగితే, “ముగింపు కుదరడం లేదు,” అంటారు.

“ఈ కీబోర్డు కొత్తదానిలా ఉందమ్మా. మౌసే పాపం, అరిగి నేడో రేపో అన్నట్టుంది,” అన్నాడు మెకానిక్.

“ఆయన వస్తువులు జాగ్రత్తగా వాడతారు.”

తెర నల్లబడి, నీలమై, భాష ఏదని అడిగింది. తర్వాత ఏ దేశమని అడిగింది. చివరికి, ఉన్నదంతా పోతుంది, సరేనా అని అడిగింది. మెకానిక్ ఆమె వైపు చూశాడు. ఆమె వీధి గుమ్మం వైపు ఓసారి చూసింది.

“నొక్కండి. మళ్లీ ఆ పాతది తిరిగొచ్చే ప్రమాదం లేదుకదా?”

“వైరస్ గురించా? కొత్తది పైనుంచి నిండా పరిచేస్తాను. ఎవరి తాతా బయటికి తీయలేడు.”

నొక్కాడు.

తెర మీద పని ఎంతైందో చూపే గీత కుడివైపు నత్తనడక నడుస్తోంది. సగం దాటాక వీధి గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. ఆయనా, ఆయన వెనకే ఆడపడుచూ లోపలికొచ్చారు.

“వదినా, రేపు చదివేది ప్రింట్ తీసుకెళ్దామని వచ్చాను. అన్నయ్యేమో సభలోనే చూద్దువుగానిలే అంటున్నాడు,” అంటూ వచ్చిన ఆ అమ్మాయి తెరను చూసి ఆగిపోయింది. “ఏం చేస్తున్నారు?”

“స్లోగా ఉందని బాగుచేయిస్తున్నాను,” అంది ఆమె.

“నవల?”

మెకానిక్ స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, “అమ్మగారు రెండూ తుడిచేయమన్నారండీ. నేను చెప్పానండీ,” అన్నాడు.

ఆయన తెరవైపు చాలాసేపు చూశారు. కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు. కొత్తగా క్షవరమైన మెడ మీద వెంట్రుక ముక్కలు అలాగే ఉన్నాయి. భుజాలు ఒకటే వణికాయి.

“ఒక్క మాట అడగొచ్చుగా వదినా! పదేళ్ల కష్టం! నీకు గుడ్డముక్కలకీ మనిషి బతుక్కీ తేడా తెలీదా?” ఆడపడుచు గొంతు వీధి చివరిదాకా వినిపించింది. “రేపు సభలో ఏం చెప్పను? ఇంట్లోవాళ్లే తుడిచేశారని చెప్పనా?”

“చెప్పు. నేనే తుడిపించానని చెప్పు.”

“లోకం నిన్నేమంటుందో తెలుసా?”

“అననీ.”

అన్నదేగానీ ఆ మాటలు ఆమెకు ముల్లులా గుచ్చుకున్నాయి. రేపటినుంచి కొలతలివ్వడానికి వచ్చే ప్రతి మనిషీ ఆ ముక్క ఎత్తుతుంది. తను పోయాక కూడా నవలను మట్టుపెట్టిన ఇల్లాలిగానే చెప్పుకుంటారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని మెకానిక్‌కు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

ఆడపడుచు ఫోన్ మీద ఫోన్ చేసింది. సభ రద్దు కాలేదు. నవల పోయినందుకు సానుభూతి సభ చేద్దామన్నారు. రచయితగారు మాట్లాడక్కర్లేదు, వచ్చి కూర్చుంటే చాలట. ఆయన తల ఎత్తకుండానే సరేనన్నారు.

కంప్యూటర్ కొత్త పెళ్లికూతురిలా తయారైంది. అందరూ వెళ్లిపోయాక ఆమె అన్నం వడ్డించింది. ఆయన మారు వడ్డించుకుని తిన్నారు. అప్పుడు గానీ ఆమె మనసు కుదుటపడలేదు.

“మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి,” అన్నారాయన, చెయ్యి కడుక్కుంటూ.

“నిదానంగా రాసుకోండి. ఇప్పుడెవరూ తొందరపెట్టరు.”

“నిన్నేమీ అననులే. పాపం, తెలియక చేశావు.”

“అవునండీ, తెలియకే,” అందామె.

ఆ ఫైల్లో నవల పేరు తప్ప ఒక్క అక్షరమూ లేదని ఆమె కిందటి వారమే చూసింది.