సన్నగా చెక్కిన పిడి

“ఎవర్నడిగి పిస్తోలు ఠాణాల ఇచ్చినవమ్మా?” అరిచాడు భానుప్రకాశ్.

వనపర్తిలో అతను పోగుచేసిన పాత పిస్తోళ్లలో అదే అపురూపమైనది. చనిపోయిన తండ్రిది. ఒక గుండు పేలగానే మరొకటి తనంతట తానే ఎక్కే జర్మనీ పిస్తోలు. పిడిని మాత్రం ఎవరో సన్నగా చెక్కారు.

“నా కండ్ల ముందల ఉండొద్దని ఇచ్చిన,” అంది బాలనాగమ్మ.

“అసొంటిది ఇంకోటి దొర్కుతదా? నా చిన్నచేతికి పట్టాలని నాయన చెక్కిపిచ్చిండు!”

“మీ నాయన కాదు, నేను. గద్వాలల తుపాకులు బాగుచేసే ఇక్బాల్ సాబుతోని చెక్కిపిచ్చిన. నా చేతికి పట్టాలని.”

“నీకెందుకు పిస్తోలు?”

“తాగొచ్చి దాన్ని నా తలకు పెడుతుండె మీ నాయన. ఒక్కసారన్న ఆయన దిక్కు తిప్పాల్నని.”

భానుప్రకాశ్ గొంతు తగ్గింది. “తిప్పినవా?”

“తిప్పిన. నీకు యాది లేదు, బుడ్డోనివి. ఉరికొచ్చి ఆయన కాళ్లు పట్టుకున్నవు. నీ మొఖం చూసి దించిన. ఆ దినం సంది ఆయన నా జోలికి రాలే.” ఆమె గొంతు ఒక్కసారిగా లేచింది. “నువ్వేమో దాన్ని అద్దాల బీరువల పెట్టి, వచ్చినోళ్లందరికి మీ నాయన గొప్ప చెప్తివి. పక్కన నిలబడి నేను చాయ్ పోస్తి!”

 భానుప్రకాశ్ సెల్‌ఫోన్ మోగింది. వకీలు. పిస్తోలు వెనక్కి ఇమ్మని అర్జీ రాశానని, వచ్చి సంతకం పెట్టమని అన్నాడు.

“వద్దు సార్,” అన్నాడు భానుప్రకాశ్ తల్లి వైపు చూస్తూ. “అది మా నాయనది కాదు. మా అమ్మది. ఆమె ఇష్టం.”