మొహమాటానికి మందు

"బాగుందని ఎందుకు చెబుతావయ్యా? మోకాలు నీదా, ఆవిడదా?"

వరండాలోంచి ఆ గొంతు వినబడగానే లోపల డాక్టరమ్మ చేతిలో కలం ఆగిపోయింది.

"వచ్చిందా నారదమ్మ?"

"రాకపోతే మనకు పొద్దెలా పోతుంది మేడమ్!" అంది నర్సు.

ఆ పేరు పెట్టింది నర్సే. మూల కుర్చీలో కూర్చుని, వచ్చిన ప్రతివాళ్లకూ తంపులు పెట్టే మనిషిని ఇంకేమంటారు?

డాక్టరమ్మ భయం డాక్టరమ్మది.

పుచ్చిన మొద్దుల మీద మొలిచే ఓ పుట్టగొడుగు వెంట ఆమె పెళ్లయిన కొత్తలో పడింది. కొడుకు కాలేజీకొచ్చినా వదల్లేదు. దాని పొడి మోకాళ్ల నొప్పి తగ్గిస్తుందని ఆమె నమ్మకం.

"మా ఆవిడ నాకన్నా దాన్నే ఎక్కువ కనిపెట్టుకుని ఉంటుంది" అని మొగుడు చుట్టాలందరికీ చెప్పుకున్నాడు.

సైన్సుకు నమ్మకం చాలదు. కిందటేడాది రోగుల్లో సగం మందికి ఆ పొడి, మిగతా సగానికి అదే రంగులో ఉత్త తవుడు ఇచ్చారు. ఏది ఎవరిదో తిన్నవాళ్లకూ తెలీదు, పెట్టినవాళ్లకూ తెలీదు. తర్వాత ఫోన్లు చేసి, ఎలా ఉందని అడిగారు.

అందరూ బాగుందన్నారు.

ఒకావిడైతే, "నీ చేతి చలవ తల్లీ! మీ ఆసుపత్రి మూడంతస్తులూ గంతులేస్తూ ఎక్కేశాననుకో!" అంది. ఆ సంతోషంలో ఆ పూట డాక్టరమ్మ ఇంట్లో కూరకు ఉప్పు రెండుసార్లు పడింది.

తీరా ఎవరికేది ఇచ్చారో రాసిపెట్టిన సీలు కవర్లు విప్పి చూస్తే, ఆవిడ తిన్నది తవుడు.

ఉప్పు రెండుసార్లు పడ్డ కూరను కూడా అమృతం అనే చుట్టాల్లాగే, రోగులందరూ ఆమె మనసు నొచ్చుకోకుండా మాట్లాడారు. తవుడూ పుట్టగొడుగూ ఒకటేనని తేలింది.

"ఇంకొక్కసారి చూద్దాం. ఈసారీ ఇంతే అయితే మీ పరిశోధన గది పక్కవాళ్లకిచ్చేస్తాను" అన్నాడు డైరెక్టరు.

ఆ ఇంకొక్కసారికే ఈ నారదమ్మ దాపురించింది.

"బాబాయిగారూ, నిజం చెప్పండి. తగ్గిందా?"

"తగ్గినట్టే ఉందమ్మా... పాపం, ఆ పిల్ల అంత ఆప్యాయంగా అడుగుతుంటే..."

"అదిగో! మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉంది. ఈ వయసులో మీకూ నాకూ ఆ భయం లేదనుకోండి."

వరండా అంతా గొల్లున నవ్వింది.

"తగ్గితే తగ్గిందనండి. తగ్గకపోతే లేదనండి. ఆవిడేం ఏడవదు. ఏడ్చినా మనకేం, తుడుచుకోవడానికి ఆవిడ దగ్గర దూది బోలెడుంది."

బాబాయిగారు లోపలికొచ్చి, "రవ్వంత కూడా తగ్గలేదమ్మా" అన్నాడు.

ఆయన వెనకావిడ "దండగ" అంది.

మూడో మనిషి వరండాలోనే నారదమ్మ మీదికి లేచింది. "నువ్వెన్ని చెప్పినా సరే వదినా, నాకు తగ్గింది! ఇదిగో, కింద కూర్చుంటున్నా. ఇదిగో, లేస్తున్నా. చాలా?"

"మరీ మంచిది. ఆ మాటే లోపల చెప్పు."

తగ్గిందన్నవాళ్లు ఇంకా ఉన్నారు గానీ, డాక్టరమ్మ చెవుల్లో 'లేదు'లే గింగురుమన్నాయి. ఆఖరి వారం ఓపిక నశించి వరండాలోకి వచ్చింది.

"చూడండమ్మా, మీ మాటలతో నా పనంతా చెడిపోతోంది. దయచేసి ఇంక ఇటు రాకండి."

నారదమ్మ ఆమెను ఎగాదిగా చూసి నవ్వింది.

"ఇప్పుడు మాట్లాడారు మొహమాటం లేకుండా. సంతోషం."

మోకాళ్ల విభాగాన్ని లిఫ్టు లేని మూడో అంతస్తులో పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆవిడ మెట్ల కమ్మీ పట్టుకుని, మెట్టుకో మూలుగు మూలుగుతూ దిగిపోయింది.

తర్వాత కవర్లు విప్పారు.

లేదన్నవాళ్లు దాదాపు అందరూ తవుడు తిన్నవాళ్లు. తగ్గిందన్నవాళ్లు దాదాపు అందరూ పుట్టగొడుగు తిన్నవాళ్లు.

డైరెక్టరు కాగితం మళ్లీ మొదట్నుంచీ చదివాడు. కళ్లజోడు తీశాడు.

"గది మీదే డాక్టర్. పక్కగది కూడా మీరే తీసుకోండి."

డాక్టరమ్మ మొగుడికి ఫోన్ చేసింది. "గెలిచింది!"

"నువ్వా, అదా?"

"ఇద్దరం!" అని, నవ్వుతూనే ఏడ్చేసింది. దూది నిజంగానే పనికొచ్చింది.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, ఆ మూల కుర్చీ.

"సిస్టర్, ఆ నారదమ్మ ఏది తిందో చూడు. ఖాయంగా తవుడే అయ్యుంటుంది."

నర్సు కాగితం ముట్టుకోలేదు.

"ఈసారి ఆవిడకు మనం పొట్లమే ఇవ్వలేదు మేడమ్."

"మరి ఇన్నాళ్లూ ఎందుకొచ్చింది?"

"చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. తెలిస్తే మీరు మొహమాటపడతారంది."

"చెప్పు పరవాలేదు."

"కిందటేడాది తవుడు తిన్నవాళ్లకు ఆ సంగతి ఫోన్ చేసి చెప్పమన్నారుగా. ఆవిడకు చెప్పగానే, 'అయ్యో, నా మంచితనం ఆ పిల్ల కొంప ముంచిందన్నమాట' అంది. ఆ మర్నాడే వచ్చి, మళ్లీ ఎప్పుడు మొదలుపెడతారని అడిగి వెళ్లింది."

డాక్టరమ్మ వరండాలోకి నడిచి, మెట్ల దగ్గర ఆగి, కిందికి చూసింది.

"ఎవరు సిస్టర్ ఆవిడ?"

"మూడంతస్తులూ గంతులేస్తూ ఎక్కేశానన్నావిడే మేడమ్."