తిరిగొచ్చిన ఆవు

"అలా రాదండీ అది! కాస్త పైకెత్తి పక్కకి లాగాలి."

గేటు గొళ్ళెంతో కుస్తీ పడుతున్న పశువుల డాక్టర్ని చూసి ఇల్లాలు పకపకా నవ్వింది. "మా ఆవు నాలుకతో తీసుకుని లోపలికొచ్చేస్తుంది. ఇంత చదివీ మీకు రావట్లేదా?"

"ముందు డాక్టరుగారికి మంచినీళ్ళు తే!" అని పశువుల కొట్టంలోంచి భర్త కసిరాడు. ఆమె నవ్వు ఠక్కున ఆగిపోయింది.

వరదలో పశువులు పోయిన రైతులకి ప్రభుత్వం అత్యవసర సాయం ప్రకటించింది. ఎవరిది నిజమో, ఎవరిది బుకాయింపో తేల్చే పని డాక్టరుది. అందులో తనని మించినవాడు లేడని ఆయన నమ్మకం. అబ్బో, ఎన్ని వేషాలు చూశాడని! కోడిపిల్లనైనా పెంచనివాళ్ళు కూడా పాడి ఆవు కొట్టుకుపోయిందని గుండెలు బాదుకున్నారు.

పొద్దున ఏటి ఎగువన ఒకావిడ మాత్రం నిజంగానే ఏడ్చింది. ఒంటరి మనిషి. ఒక్క ఎర్రావు పాల మీదే ఆవిడ బతుకు.

"నాకు డబ్బొద్దు బాబూ, నా ఆవు కావాలి. కూనిరాగం తీస్తేగాని కుదురుగా నిలబడదు, పిచ్చిముండ. ఎవరి చేత తన్నులు తింటోందో!"

"బతికుంటే నా కంట పడకపోదమ్మా. పట్టుకొచ్చే పూచీ నాది" అని డాక్టరు మాటిచ్చి మరీ వచ్చాడు.

అర్జీ ప్రకారం ఇక్కడా పోయింది ఎర్రావే. "మీ ఆవు ఎప్పుడు కొట్టుకుపోయిందయ్యా?" అని మొదలుపెట్టాడు.

"పోవడమేంటండీ, తిరిగొచ్చేసింది! అదుగో. ఆ సాయమేదో మాకొద్దు, మా పేరు కొట్టేయండి" అన్నాడు రైతు.

డాక్టరు తెల్లబోయాడు. "చేతికందే డబ్బు వద్దంటావా?"

"ఒకళ్ళ సొమ్ము మనకి అరుగుతుందా అండీ?"

ఆ మాటతో డాక్టరు కరిగిపోయాడు. కొట్టంలో ఆవు నిగనిగలాడుతోంది. ఒక చెవి చిరిగి నంబరు ట్యాగు ఊడిపోయింది. మెడకి రెండు పలుపులు బిగించారు.

"రెండెందుకు?"

"వరదలో బెదిరిపోయిందండీ. నన్ను కూడా మర్చిపోయింది" అంటూ రైతు దగ్గరికెళ్ళాడు. ఆవు కాలు ఝాడించింది.

"మనుషులకే మతి పోతుంటే పశువెంత!" అని డాక్టరు కొత్త ట్యాగు తీశాడు. పనిలో పడితే ఏదో ఒక కూనిరాగం తియ్యడం ఆయనకి అలవాటు. అంత పొగరుబోతు ఆవూ కిక్కురుమనకుండా ఆయన భుజం మీద గడ్డం ఆనించింది.

"చూశావా, నా చెయ్యి పడితే అంతే!" అని మురిసిపోతూ రెండో చెవికి ట్యాగు బిగించాడు. "ఇక ఇది మీదే. ఎవడొచ్చి అడిగినా ఈ ట్యాగు చూపించు, నోరు మూసుకుని పోతాడు."

ఇల్లాలు మంచినీళ్ళు తెచ్చింది. తల మాత్రం ఎత్తలేదు.

"మీ ఆయన బంగారమమ్మా!"

"ఆఁ" అందామె, నేల చూపులు చూస్తూ.

జీపెక్కాక డాక్టరు జరిగిందంతా డ్రైవరుకి చెప్పుకొచ్చాడు. "ఇలాంటివాళ్ళున్నారు గనకే వానలు పడుతున్నాయోయ్!"

"అందుకేనేమో సార్, ఈసారి మరీ ఎక్కువ పడ్డాయి" అన్నాడు డ్రైవరు.

జీపు మలుపు తిరుగుతుండగా ఓ ఎర్రావు అడ్డమొచ్చింది. ఒళ్ళంతా బురద, డొక్కలు ఎండిపోయాయి, కుంటుతోంది. డ్రైవరు హారన్ మోగించినా ఖాతరు చెయ్యలేదు. జీపుని చుట్టి రైతు ఇంటి గేటు వైపు నడిచింది.

"దిక్కులేనిదేమో పాపం" అని డాక్టరు జాలిపడ్డాడు.

ఆవు నాలుక చాపి గొళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళింది.